రెండు కాళ్ళకూ పసుపు

నమోదు 1

కోర్టు వారు పలక పంపారు. ఏ రోజు జరిగింది ఆ రోజు దీనితో చెప్పుకోవాలట. అది అక్షరాలుగా మార్చి దాచుకుంటుందట. విచారణ నాటికి జడ్జిగారి ముందు పెడుతుందట. కోపం తగ్గాక నిదానంగా మొదలుపెడదామనుకున్నాను. కానీ నా కోపం తగ్గేదాకా పైడమ్మ కాలు ఆగదు.

నా పేరు చిరుమామిళ్ళ విజయభారతి. సముద్రం మీద తేలే నాచుదిబ్బ మహిళా జైలులో ఖైదీని. మునిగిపోయిన ఊళ్ళలోని స్థలాలకు దస్తావేజులు రాసిచ్చానని శిక్ష వేశారు. సముద్రం ఎప్పటికైనా వెనక్కి తగ్గుతుందనీ, ఆ రోజు ఆ కాగితాలే పనికొస్తాయనీ నేను ఇప్పటికీ అంటాను. ఇక్కడ అందరూ నన్ను ప్లీడరమ్మ అంటారు. వెక్కిరింపుగా పెట్టిన పేరు, అలాగే స్థిరపడిపోయింది.

ఈ పిటిషను నా కోసం కాదు, నా పక్క మంచం పైడమ్మ కోసం. ఆమెది సిక్కోలు వైపు. నాకంటే పెద్దది. సముద్రంలో తాళ్ళకు నాచు పెంచి కోయడం మా అందరి పని. తెప్ప మీద మోకాలి లోతు ఉప్పునీళ్ళలో నిలబడి కోస్తాం. ఆ తాళ్ళకు ఆల్చిప్పలు పట్టి ఉంటాయి. అందులో ఒకటి పైడమ్మ ఎడమ అరికాలిని చీరేసింది. ఆమెకు తెలియనే లేదు. దిబ్బ అంచున చెక్కల మీద నెత్తుటి అడుగులు చూసి, "ఎవలివే ఈ అడుగులు? ఎవలికి తెగినాదే?" అని అందరినీ అడుగుతూ తిరిగింది. అవి ఆమెవే.

పైడమ్మకు షుగరు. పాదాల్లో స్పర్శ పోయి చాలా కాలమైంది. ఇక్కడికి వచ్చాక మాత్రలు కూడా ఆగిపోయాయి. ఎందుకాగాయో రేపు చెబుతాను, వంటగదికి పిలుస్తున్నారు.

నమోదు 2

ఇక్కడ డాక్టరు లేడు. అద్దం ఉంది.

భోజనాల గది పక్కన గోడకు బిగించారు. మొహం పట్టేంత అద్దం. దాని ముందు నిలబడి మొహం చూపాలి, నాలుక చాపాలి, అరచేయి ఆనించాలి. మన నొప్పి ఎంతో అది మన మొహంలోనే చదువుతుంది. చదివి "పని చేయదగినది" అనో "విశ్రాంతి" అనో చెబుతుంది. గొంతు మాత్రం తేనె. అంత తియ్యగా పని చేయమన్న మేస్త్రీని నేనెక్కడా చూడలేదు.

పైడమ్మ దాని ముందు నిలబడింది. "నొప్పిగా ఉందా?" అని అడిగింది అద్దం. పైడమ్మ అబద్ధం ఆడదు. "నేదు" అంది. స్పర్శే లేని కాలికి నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది? వెంటనే అద్దం "పని చేయదగినది" అంది. షుగరు మాత్రలు ఆగిందీ ఇలాగే. "మీ ముఖంలో బాధ కనిపించడం లేదు" అని ఆపేసింది. ఆమె మొహంలో బాధ కనిపించదు, అది ఆమె స్వభావం. మొగుడు వదిలేసిన రోజు కూడా అదే మొహంతో చేపలమ్మిందట.

కాలు చూపిద్దామని బల్ల లాక్కొచ్చి ఎక్కించాం. "దయచేసి ముఖం చూపండి" అంది అద్దం. మళ్ళీ కాలు ఎత్తితే మళ్ళీ అదే మాట.

ఇక వార్డర్ల సంగతి. ఖైదీల రోగాలు ఖైదీల సొంత విషయమనీ, ఉద్యోగులు వినకూడదు, చూడకూడదనీ గోప్యత నిబంధన ఒకటి ఉంది. మా మర్యాద కాపాడడానికట. అందుకని నొప్పి అన్న మాట వినబడగానే వార్డర్లు గోడవైపు తిరిగి నిలబడతారు. హెడ్ వార్డరు సుగుణ ఇందులో దిట్ట. కోనసీమ మనిషి, నోరు మంచిదే. ఇవాళ పొద్దున నేను "సుగుణమ్మా, పైడమ్మ కాలు..." అనేసరికే గోడకు మొహం పెట్టేసింది.

"నాకేం చెప్పకమ్మా, ఉద్యోగం పోద్ది. అద్దానికి చెప్పుకోండి."

"అద్దానికి కాళ్ళు కనబడవు కదా!"

"నాకు అసలేం కనబడ్డం లేదు చూడు, గోడ తప్ప."

చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటారు. ఆ చెవిటివాడు నయం, శంఖాన్నైనా చూస్తాడు.

నమోదు 4

బారక్ అంతా కలిసి కొంప ముంచారు. నేను వద్దనే అన్నాను.

పైడమ్మకు నొప్పి నటించడం నేర్పించారు. సాయంత్రం భోజనాలయ్యాక ఒకరి తర్వాత ఒకరు పాఠాలు. కళ్ళు మూసుకో, పళ్ళు బిగించు, ఒక్కసారి కెవ్వుమను. పురుళ్ళు పోసుకున్న వాళ్ళు ఆ అరుపులు అరిచి చూపించారు. పైడమ్మ ప్రతిసారీ సగంలో నవ్వేసేది. "నొప్పి నేకుండా ఎలగ ఏడుస్తానే? సిగ్గేస్తంది నాకు."

పొద్దున అద్దం ముందు అరిచింది. అరిచి, సరిగ్గా వచ్చిందా అన్నట్టు పక్కకు తిరిగి మావైపు చూసింది. అద్దం ఒక్క క్షణం ఆగి "నటన" అంది. ఆ ముద్ర ఒకసారి పడితే ఆ మనిషి చెప్పే ఏ మాటా అద్దం నమ్మదు. వర్షాకాలం దాటేదాకా ఆమె పేరు మీద ఏ ఫిర్యాదూ తీసుకోదు.

పైడమ్మ మాత్రం నన్నే ఓదార్చింది. "పోనీలేవే ప్లీడరమ్మా. నొప్పి నేదు కదా." ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

నమోదు 6

అద్దం మీద ఫిర్యాదు చేశాను. కోర్టు వినేముందు జైలులోని మార్గాలన్నీ ప్రయత్నించి ఉండాలని చట్టం. ఆ కారణం చెప్పే నిరుడు నేను పెట్టిన పిటిషనును కొట్టేశారు కూడా. సరే, అద్దం మీద ఫిర్యాదు ఎవరికి చేయాలని అడిగితే అద్దానికేనన్నారు.

దాని ఎదుటే నిలబడి దాని తప్పులన్నీ వరసపెట్టి చదివాను. ఓపికగా విన్నది. "మీ ఫిర్యాదు పరిశీలించబడింది. అద్దం సక్రమంగా పనిచేస్తోంది. మీ ముఖంలో ఆవేశం కనిపిస్తోంది. నీరు తాగండి" అంది.

నేను నీళ్ళు తాగలేదు.

పైడమ్మ అరికాలి చీలిక చుట్టూ చర్మం నల్లబడుతోంది. ఉప్పునీళ్ళు, ఎండ, మళ్ళీ ఉప్పునీళ్ళు. పాత చీర చింపి నేనే కడుతున్నాను. వాసన మొదలైంది.

నమోదు 9

ఈ రోజు విచారణ. భోజనాల గదిలో తెర దించారు. జడ్జిగారు పెద్దాయన, జలుబు చేసినట్టుంది, దగ్గుతూ వేడినీళ్ళు తాగుతున్నారు. కంప్యూటరు కాదు, నిజం మనిషి. ఆ దగ్గు విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ముందుగా పలక సంగతి. "మీ నమోదుల సారాంశం నా ముందుంది" అన్నారాయన. ఏముందండీ అని అడిగాను. చదివారు: "పిటిషనరు అసంతృప్తిగా ఉన్నారు." అంతే. ఇన్నాళ్ళూ నేను గొంతు చించుకుని చెప్పింది ఆ ముక్కలోకి కుదించి ఇచ్చింది ఈ పలక. వినబడుతోందా, పలకా? ఈసారి "చాలా అసంతృప్తి" అని రాసుకో.

జైలు తరఫు లాయరు కుర్రవాడు, బాగా చదువుకున్నవాడు. "అయ్యా, మా అధికారుల్లో ఏ ఒక్కరికీ ఈమె కాలి సంగతి తెలియదు. తెలుసుకోవడం నిబంధనకు విరుద్ధం. తెలియని విషయాన్ని నిర్లక్ష్యం చేయడం ఎవరికైనా ఎలా సాధ్యం?" అన్నాడు.

జడ్జిగారు నాతో మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, ఖైదీకి వైద్యం అందకపోతే అది హక్కుల ఉల్లంఘనే. కాదనను. కానీ తెలిసి చేసిన నిర్లక్ష్యమని రుజువు కావాలి. అధికారంలో ఉన్న ఒక మనిషికి తెలిసి ఉండాలి. తెలిసీ ఊరుకుని ఉండాలి. యంత్రం పొరపాటును నేను శిక్షించలేను. ఆ మనిషిని నాకు చూపించండి."

"నాకు తెలుసండీ. బారక్ మొత్తానికి తెలుసు."

"మీరు అధికారులు కారమ్మా."

"అయితే మీకే చూపిస్తాను" అని పైడమ్మ కాలికి కట్టిన గుడ్డ విప్పి తెర ముందు ఎత్తి పట్టాను. జడ్జిగారు కళ్ళజోడు సవరించుకున్నారు. ముందుకు వంగారు. "నాకు మబ్బు కనిపిస్తోంది" అన్నారు. ఖైదీల శరీరం కోర్టు తెర మీద కనబడకూడదట. మెడ దిగువన ఏమున్నా తెర దానంతటదే బూడిదరంగు మబ్బు కమ్మేస్తుందట. మర్యాదకు. మా మర్యాద గురించి ఇంతమంది ఇంతలా తపించడం నా జీవితంలో చూడలేదు.

అయినా ఆయనకు మనసొప్పలేదు. పైడమ్మకు వెంటనే వైద్య పరీక్ష జరిపించమని ఆదేశించారు. నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను.

నమోదు 10

ఆదేశాన్ని తుచ తప్పకుండా పాటించారు. పైడమ్మను అద్దం ముందుకు తీసుకెళ్ళారు.

"నటన. పని చేయదగినది."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. ఇక్కడ పూజారి కూడా లేడు, గంట ఒక్కటే మోగుతోంది.

నమోదు 13

శ్రావణం వచ్చింది. సముద్రం పోటెత్తి ఉంది. ఒడ్డు నుంచి రావలసిన పడవ రాలేదు. దిబ్బ రాత్రంతా ఊగుతుంటే సగంమందికి వాంతులు. అద్దం అందరికీ పని చెప్పింది.

మా సూపరింటెండెంటు హైమవతి గారి గురించి ఇప్పటిదాకా చెప్పలేదు. పై అంతస్తు క్వార్టర్సులో ఉంటారు. చెడ్డ మనిషి కాదు, అదే నా ఏడుపు. చెడ్డ మనిషైతే ఏ రోజో ఒక మాట తూలి దొరికిపోయేది. ఈమె నిబంధన దాటదు, అబద్ధం ఆడదు, ఎవరినీ తిట్టదు. కాలు, చెయ్యి, నొప్పి అన్న మాట ఎవరైనా ఎత్తితే మాత్రం మెల్లగా గోడవైపు తిరుగుతుంది.

ఆమె కూతురికి ఒడ్డున నెలలు నిండాయి. పురుడు సుఖంగా జరగాలని వరలక్ష్మీ వ్రతం మొక్కుకున్నారట. తొమ్మిది మంది ముత్తైదువలకు పసుపు రాసి వాయనం ఇస్తానని మొక్కు. ఒడ్డు నుంచి చుట్టాలు రావాలి, పడవ లేదు. వార్డర్లలో ముత్తైదువలు తొమ్మిది మంది లేరు. లెక్క తక్కువైంది. ఇవాళ మధ్యాహ్నం సుగుణ బారక్‌లోకి వచ్చి నిలబడింది.

"మీలో మొగుళ్ళు బతికున్నోళ్ళెవరమ్మా? మేడంగారు వాయనానికి పిలుస్తున్నారు."

ఒక్కసారిగా గోల. కొందరికి మొగుడు బతికున్నాడో లేదో తెలియదు. ఒకామె తన మొగుణ్ణి చంపినందుకే ఇక్కడుంది, ఆమె నవ్వి పక్కకు తప్పుకుంది. నాకు మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. నన్ను శనగలు నానబెట్టమన్నారు. శనగలకు ముత్తైదువతనం అక్కర్లేదు.

పైడమ్మ లేచి నిలబడింది. "నాను. నా పెనిమిటి సింహాచలంగాడు పలాసలో ఉన్నాడు. ఎవలినో ఎట్టుకున్నాడు గానీ బతికే ఉన్నాడు." మళ్ళీ కూర్చుంటూ నా చెవిలో అంది. "ఆ సచ్చినోడి వల్ల ఇన్నాళ్ళకి నాకొక మేలు జరిగినాదే."

ఆమె మొహంలో అంత సంతోషం నేను ఎన్నడూ చూడలేదు. ఎవరూ పిలిచి పసుపు రాసి ఎన్నేళ్ళయిందో. నేను మాత్రం మరొకటి ఆలోచిస్తున్నాను. పసుపు మొహానికి రాయరు, పాదాలకు రాస్తారు. నా ఆలోచన నాకే నీచంగా అనిపించింది. అయినా మానలేదు.

నమోదు 14

పొద్దున పైడమ్మ కాలికి గట్టిగా కట్టు కట్టించుకుంది. కింద పొరలు ఎక్కువ వేయమంది, వాసన రాకుండా. "చీర కుచ్చిళ్ళు ఈ కాలు మీదకి జార్చీ. కుడికాలు సాపుతాను, సరిపోద్ది. అమ్మవారి కాడ పుండు కాలు సాపడమేటి? తప్పు కాదా?"

నేను కుచ్చిళ్ళు సవరించాను.

హైమవతి గారి గదిలో కలశం పెట్టారు. పూలకు బదులు వంటగది కొత్తిమీర కట్టలు. తమలపాకులు లేక వెడల్పాటి నాచు ఆకులు కోసుకొచ్చి తుడిచి పెట్టాం. గోడ పక్కన చాప మీద ముత్తైదువలు వరసగా కూర్చున్నారు. ముందు వార్డర్లు, సుగుణతో సహా. చివర మావాళ్ళు. నేను శనగల బేసిను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

హైమవతి గారు పట్టుచీర కట్టుకుని కింద కూర్చుని, పసుపు గిన్నె పక్కన పెట్టుకుని ఒక్కొక్కరి పాదాలకూ రాసుకుంటూ వచ్చారు. యూనిఫారం లేకపోతే ఆమె ఎవరి ఇంటి అత్తగారో అనిపించింది. పైడమ్మ దగ్గరకు వచ్చారు. పైడమ్మ కుడికాలు చాపింది. ఆమె శ్రద్ధగా రాశారు.

"రెండో కాలమ్మా."

"ఒద్దమ్మగోరు. ఇది సాలు."

"ఒక్క కాలికి రాసి వదిలేస్తే అశుభం. మా అమ్మాయి కోసం కదా, ఇటివ్వు."

"నాకు ఆ కాలు... బాగునేదమ్మగోరు."

బాగునేదు అన్న మాట పడగానే వార్డర్లందరూ అలవాటు కొద్దీ ఒక్కసారిగా గోడవైపు తిరిగారు. సుగుణ చేతిలోని అక్షింతలు కూడా గోడ మీదే పడ్డాయి. హైమవతి గారు కూడా తిరిగారు. ఆమె పక్కనున్న గోడకు మాత్రం పీట, పీట మీద కలశం, కలశానికి అమ్మవారి మొహం ఉన్నాయి. ఆ మొహాన్ని చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయారు. ఆ తర్వాత ఇటు తిరిగి, కుచ్చిళ్ళు పక్కకు తీసి, కట్టు తనే విప్పారు.

వాసన గుమ్మందాకా వచ్చింది. ఆమె వీపు నావైపు ఉంది, మొహం కనబడలేదు. గిన్నెలో చెయ్యి ముంచారు. వంగి రాశారు. చెయ్యి ఒకచోట ఆగిపోయింది. కదలలేదు.

పైడమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. కాసేపటికి ఒక కన్ను తెరిచింది. "అమ్మగోరూ, రాసీసినారేటి? నాకు తెలీనేదు."

హైమవతి గారు కట్టు మళ్ళీ కట్టారు. లేచి, లోపలికి వెళ్ళి, చాలాసేపు చెయ్యి కడుక్కున్నారు. తిరిగి వచ్చి వాయనం ఇచ్చి, పైడమ్మ పాదాలకు దణ్ణం పెట్టారు.

నమోదు 17

ఏమీ జరగలేదు.

నేను పిచ్చిదాన్ని. ఆ సాయంత్రమే పడవకు కబురు వెళుతుందనుకున్నాను. మర్నాడైనా పిలుస్తారనుకున్నాను. హైమవతి గారు తనిఖీకి వచ్చారు, వరసలో అందరినీ చూశారు, పైడమ్మ దగ్గర చూపు తప్పించారు. ఆ కాలు తనకు తెలుసని ఒప్పుకుంటే గోప్యత నిబంధన తప్పినట్టు, ఉద్యోగం పోయినట్టు. ఒప్పుకోకపోతే? ఏమీ లేదు. రోజులు గడుస్తాయి. ఒక రోజు పక్క మంచం ఖాళీ అవుతుంది.

సాయంత్రం సుగుణ వచ్చింది. గోడవైపు తిరిగి, చెయ్యి మాత్రం వెనక్కి చాపి, పైడమ్మకు ఒక మెత్తటి తెల్ల నూలుచీర ఇచ్చింది. ఉతికి మడత పెట్టి ఉంది. ఎవరు పంపారో చెప్పలేదు. ఆ చీర నుంచి కొబ్బరినూనె, వ్రతం గదిలోని సాంబ్రాణి వాసన వచ్చింది. దాన్ని చింపి కట్లు కట్టాను. కడుతూ ఏడ్చాను. దయ ఉంది, ధైర్యం లేదు. దయను నేను కోర్టులో ఎలా రుజువు చేయను?

నమోదు 19

పైడమ్మకు జ్వరం. నల్లదనం మడమ దాటింది. పనికి వెళ్ళనందుకు అద్దం హెచ్చరిక చేసింది.

జైలు తరఫున కోర్టుకు జవాబు దాఖలైంది. అందులో అదే వాక్యం: ఏ అధికారికీ తెలియదు. కింద హైమవతి గారి పేరు. లాయరు రాసింది, ఆమె వేలిముద్ర వేశారు. విచారణ ఎల్లుండి. ఆమెనే సాక్షిగా పిలవమని అడిగాను, ఒప్పుకున్నారు.

చట్టం సెక్షన్లన్నీ తిరగేశాను. తెలుసా అని అడిగితే "తెలుసు అంటే ఏమిటి" అని ఆ కుర్ర లాయరు పొద్దుగూకేదాకా వాదిస్తాడు. మంచం పక్కన కూర్చుని శనగలు నములుతుండగా నాకు తట్టింది. నేను అడగవలసింది తెలుసా అని కాదు. ఒకటే ప్రశ్న. ఆ ప్రశ్నకు కాదంటే ఆమె వ్రతం తప్పినట్టు.

పైడమ్మకు చెప్పాను. ఆమె లేచి కూర్చుని నా చెయ్యి పట్టుకుంది, వేడిగా కాలిపోతోంది. "ఒద్దు ప్లీడరమ్మా. అమ్మగోరి కూతురు, ఆ గుంట నీళ్ళాడీ రోజులు, పురుడొచ్చీ రోజులు. తల్లి మొక్కు మీద దెబ్బ కొట్టకు. నా కాలు పోతే పోనీ."

"కాలుతో ఆగదక్కా!"

"అయినా సరే. ఒట్టెయ్యి."

నేను ఒట్టు వేయలేదు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

నమోదు 21

విచారణ జరిగింది. ఉన్నదున్నట్టు చెబుతాను.

హైమవతి గారు యూనిఫారంలో నిలబడి ప్రమాణం చేశారు. లాయరు అడిగాడు, ఆమె జైలు నిబంధనలన్నీ ఒప్పజెప్పారు. నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను.

"మేడంగారూ, ఒకటే అడుగుతాను. వరలక్ష్మీ వ్రతం రోజు మీరు పైడమ్మకు పసుపు రాశారు. రెండు కాళ్ళకూ రాశారా?"

లాయరు లేచి, ఇది మతపరమైన ప్రశ్న, కేసుకు సంబంధం లేదన్నాడు. జడ్జిగారు చేతిలోని గ్లాసు కింద పెట్టారు. "సంబంధం ఉందో లేదో జవాబు విన్నాక చెబుతాను" అన్నారు.

హైమవతి గారు నావైపు చూశారు. ఆ చూపులో కోపం ఉందనుకున్నాను. ఇప్పుడాలోచిస్తే కాదనిపిస్తోంది. ఆమె చెయ్యి మెడలోని సూత్రాల మీదకు వెళ్ళింది.

"రాశాను" అన్నారు. "రెండు కాళ్ళకూ రాశాను. ముత్తైదువకు ఒక కాలికి రాసి వదిలేయరు."

"మేడమ్, మీరు ఇక్కడితో ఆపండి" అన్నాడు లాయరు.

"ఎడమ కాలు ఎలా ఉందమ్మా?" జడ్జిగారు అడిగారు.

ఆమె తన కుడిచేతి వేళ్ళను చూసుకుంటూ చెప్పారు. "నా వేలు లోపలికి వెళ్ళిపోయిందండీ. ఎముక తగిలింది. ఆమెకు స్పర్శ లేదు. రాసేశారా అని నన్నే అడిగింది. నాకు తెలుసండీ. ఆ రోజు నుంచీ తెలుసు. అన్నం కలుపుకోలేకపోతున్నాను."

నేను గెలిచాను. గెలిచిన క్షణంలో పైడమ్మ వైపు చూశాను. ఆమె హైమవతి గారిని చూసి కన్నీళ్ళు కారుస్తోంది.

జడ్జిగారి ఆదేశంతో తీరరక్షక దళం పడవ ఆ అలల్లోనే వచ్చింది. పైడమ్మను తాళ్ళతో మంచానికి కట్టి దించారు. దిగుతూ నన్ను పిలిచింది. తిడుతుందేమోనని వెళ్ళాను. "ఆ గుంట నీళ్ళాడినాదేమో కనుక్కో" అంది.

నమోదు 30

తీర్పు వచ్చింది. హక్కుల ఉల్లంఘన జరిగిందని తేల్చారు. బాధ్యత హైమవతి గారిదన్నారు. ఆమెను ఉద్యోగం నుంచి తప్పించారు. ఈ జైలులో పైడమ్మ కాలును చూసిన అధికారి ఆమె ఒక్కతే, శిక్ష కూడా ఆమెకే. గోడవైపు తిరిగి నిలబడ్డ వాళ్ళెవరికీ ఏమీ కాలేదు. వాళ్ళకు తెలియదు కదా. అద్దానికీ ఏమీ కాలేదు. రోజూ తుడుస్తున్నారు.

ఆమె పెట్టె సర్దుకుని వెళ్ళేరోజు వంటగది కిటికీ దగ్గర ఆగారు. "అమ్మాయికి ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. పైడమ్మకు చెప్పు" అన్నారు. క్షమించమని అడగాలనిపించింది. ఆమె తప్పు చేసింది కూడా నిజమే, ఆ రోజే పడవకు కబురు పెట్టి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఏం అనాలో తేల్చుకునేలోపే ఆమె వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పై నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇలాంటి సంఘటనలు పునరావృతం కాకుండా తీసుకున్న చర్యలట. నోటీసు బోర్డు ముందు నిలబడి చదివాను. ఒకటి: ఇకపై వ్రతాలకు, పేరంటాలకు ఖైదీలను పిలవరాదు. రెండు: సిబ్బంది ఎవరూ ఖైదీల పాదాలకు పసుపు రాయరాదు.

రోగం జోలికి వెళ్ళలేదు, పసుపును నిషేధించారు. అక్కడే నిలబడి గట్టిగా నవ్వాను. సుగుణ భయపడి గోడవైపు తిరిగింది.

నమోదు 38

పైడమ్మ తిరిగి వచ్చింది. ఎడమ కాలు మోకాలి కింది నుంచి తీసేశారు. చంకల కింద కర్రలు. షుగరు మాత్రల డబ్బా ఒకటి ఇచ్చి పంపారు. మనిషి చిక్కింది గానీ మొహం అదే మొహం.

హైమవతి గారి మనవరాలి సంగతి చెప్పాను. రెండు చేతులూ జోడించి కళ్ళకు అద్దుకుంది. నామీద కోపం పోయిందా అని అడిగాను. "పోనేదు. ఉంటాది. పోయిన కాలు కూడా ఉన్నట్టే ఉంది మరి, దురద కూడా పెడతంది. అంతకుముందు ఉన్నప్పుడేటీ తెలీనేదు" అంది. తర్వాత తనే నవ్వింది. "వచ్చే శ్రావణానికి ఎవలైనా పిలిస్తే ఆళ్ళకి సగం పసుపే కర్సు."

తిరిగొచ్చిన ఖైదీ అద్దం ముందు నిలబడాలి. కర్రల మీద తీసుకెళ్ళాం. నేనూ, ఇంకో ఇద్దరూ. గుమ్మంలో డ్యూటీ సుగుణది.

పైడమ్మ మొహం చూపింది. నాలుక చాపింది. ఒక కర్ర నాకిచ్చి అరచేయి ఆనించింది.

"మీ ముఖంలో బాధ కనిపించడం లేదు" అంది అద్దం తేనెలా. "పని చేయదగినది. రేపటి నుంచి తెప్ప."

పైడమ్మ కర్ర కోసం చెయ్యి చాపింది. అలవాటు కొద్దీ నేను గుమ్మంవైపు చూశాను, సుగుణ ఏ గోడకు తిరిగిందోనని.

సుగుణ తిరగలేదు. పైడమ్మ చీర అంచు కింద ఖాళీగా ఉన్న చోటునే చూస్తూ నిలబడింది. ఆమె మెడ ఒకసారి గోడవైపు కదిలింది, మళ్ళీ ఇటే వచ్చింది.

"ప్లీడరమ్మా, ఆ పలక ఉందా నీ దగ్గర?"

"ఉంది."

"ఇటు పెట్టు. నేను చూశాను. ఈమెకి ఎడం కాలు లేదు. అద్దం పనికి పొమ్మంది. నేనిక్కడే ఉన్నాను, నా రెండు కళ్ళతో చూశాను, చెవులతో విన్నాను." ఆమె పలక దగ్గరికి వంగింది. "ఉద్యోగం పోద్దేమో. పోతే పోద్ది. ఇంకా ఎన్నాళ్ళు చూస్తానమ్మా ఆ గోడని?"

"పేరు చెప్పు సుగుణమ్మా."

"సుగుణ అంటే ఏ సుగుణో అంటారు. ఇంటిపేరుతో రాయండి."

రాయించాను. గుత్తుల సుగుణకుమారి, హెడ్ వార్డరు, నాచుదిబ్బ. పలకా, కొత్త పిటిషను ఇక్కడి నుంచి మొదలు. నా మాటలు నీ ఇష్టం వచ్చినట్టు కుదించుకో, ఈ ఒక్క పేరు మాత్రం పూర్తిగా ఉంచు.